కాళ్లు కదలకపోతే కుట్టు రాదా?

ఒక ఊరు అనుకుందాం. మన ఊరి లాంటి ఊరే. ఆ ఊళ్లో ఒక ఇల్లు. ఇంట్లో ముసలి తల్లి, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఇంకొకామె కూడా ఉంది. ఆమె ఆ తల్లికి కూతురు. మీ ఇంట్లో ఎంతమంది అని ఎవరైనా అడిగితే, ఈ కూతురిని లెక్కలో చెప్పడం ఒక్కోసారి మరిచిపోతారు.

ఆమెకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. జ్వరం తగ్గింది. కాళ్లు మాత్రం లేవలేదు. ఇప్పుడు ఆమెకు 38 ఏళ్లు. నేల మీద దేకుతూ ఇల్లంతా తిరుగుతుంది. బియ్యం ఏరుతుంది. కూరలు తరుగుతుంది. గిన్నెలు తోముతుంది. పిల్లలకు జడలు వేస్తుంది. ఊళ్లో చాలామందికి ఆమె పేరు తెలియదు. "కుంటిపిల్ల" అంటారు. 38 ఏళ్లు వచ్చినా పిల్లే.

తల్లికి రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఒకటే దిగులు. "నేనున్నన్నాళ్లు సరే. నేను పోయాక దీన్ని ఎవరు చూస్తారు?"

అక్కల్లారా, ఈ మాట మీరు విన్నారా? వినే ఉంటారు. మనలో కొందరు అని కూడా ఉంటారు. ఈ పాఠం ఆ మాట గురించే.

పోలియో గురించి ఒక మంచి మాట ముందు చెప్పుకుందాం. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో బయటపడింది. 2014 మార్చిలో మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించారు. పిల్లల నోట్లో వేసిన చుక్కల వల్ల ఇది జరిగింది. కానీ అంతకుముందు పోలియో వచ్చినవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్లిప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్ల తల్లులు ముసలివాళ్లయ్యారు.

పది రోజుల చదువు

మండల కేంద్రంలో ఆడవాళ్లకు కుట్టు నేర్పుతున్నారని తెలిసింది. మూడు నెలల శిక్షణ. తల్లి పట్టుబట్టింది. అన్న బండి మీద తీసుకెళ్లి దింపాడు.

గది నిండా మిషన్లు. అన్నీ కాలితో తొక్కేవే. టీచరు మంచిదే. అందరికీ చెప్పినట్టే ఈమెకూ చెప్పింది. "కాళ్లు రెండూ పెడల్ మీద పెట్టు, మెల్లగా తొక్కు." ఈమె తల వంచుకుంది. పక్కనున్నవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. టీచరు నాలుక కరుచుకుంది. "సరే, నువ్వు కూర్చుని చూస్తూ ఉండమ్మా" అంది.

ఆమె చూస్తూ కూర్చుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అది ఎవరికీ చెప్పుకోలేదు. మరుగుదొడ్డికి మూడు మెట్లు ఉన్నాయి. అందరి ముందూ దేకుతూ వెళ్లి ఆ మెట్లు ఎక్కలేదు. అందుకని పొద్దున ఇంట్లో బయలుదేరేటప్పుడే నీళ్లు తాగడం మానేసింది. సాయంత్రం ఇంటికి వచ్చాకే తాగేది. ఎండాకాలం. పది రోజులు అలా గడిచాయి. పదకొండో రోజు ఆమె వెళ్లలేదు.

రిజిస్టరులో "మానేసింది" అని రాశారు. ఊళ్లో "ఆ పిల్లకు కుట్టు రాలేదంట" అన్నారు.

కాస్త ఆగి ఆలోచించండి. ఆమెకు నిజంగా కుట్టు రాలేదా?

కుట్టులో ఏమేం పనులుంటాయి? టేపుతో కొలత తీసుకోవాలి. బట్ట మీద గీత గీయాలి. కత్తెరతో కత్తిరించాలి. సూదిలో దారం ఎక్కించాలి. బాబినుకు దారం చుట్టాలి. బట్ట వంకర పోకుండా సూది కింద నడిపించాలి. అంచు మడవాలి. కాజాలు తీయాలి. హుక్కులు కుట్టాలి. వీటిలో కాలితో చేసే పని ఎన్ని? ఒక్కటీ లేదు. కాలు చేసేది ఒక్కటే. చక్రం తిప్పుతుంది. అంతే.

ఆ చక్రాన్ని చేతితో తిప్పవచ్చు. మన అమ్మమ్మల కాలం నుంచీ చేతి మిషన్లు ఉన్నాయి. చక్రానికి ఒక పిడి ఉంటుంది. కుడి చేత్తో పిడి తిప్పాలి. ఎడమ చేత్తో బట్ట నడపాలి. మొదట కొంచెం నెమ్మదిగా సాగుతుంది. తర్వాత చెయ్యి తిరుగుతుంది. దీనికి ఎత్తు బల్ల అక్కర్లేదు. నేల మీద కూర్చుని, ముందు చిన్న పీట వేసుకుని, దాని మీద మిషను పెట్టుకోవచ్చు.

కరెంటుతో కూడా తిప్పవచ్చు. మిషనుకు చిన్న మోటారు బిగిస్తారు. దానికి ఒక పెడల్ ఉంటుంది. ఎక్కువ నొక్కితే వేగంగా తిరుగుతుంది. తక్కువ నొక్కితే మెల్లగా తిరుగుతుంది. అందరూ దాన్ని కాలి కింద పెట్టుకుంటారు. కానీ అది కాలి కిందే ఉండాలని ఎక్కడా రాసిలేదు. బల్ల మీద పెట్టుకుని మోచేత్తో నొక్కవచ్చు. వైర్లు మాత్రం తెలిసినవాళ్లతో సరిగా బిగించుకోవాలి. ఇప్పుడు రెండు చేతులూ బట్ట మీదే ఉంటాయి.

అంటే తప్పు ఎక్కడుంది? ఆమె కాళ్లలో లేదు. మిషనులో ఉంది. మెట్లలో ఉంది. పోనీ, తప్పు అనకండి. ఆ గదిలో ఆమె కోసం ఎవరూ ముందుగా ఆలోచించలేదు. అది నిజం.

ఒక శిల్పి చేసిన కాలు

పనిముట్టును మనిషికి తగ్గట్టు మార్చడం పెద్ద చదువులున్నవాళ్లే చేస్తారా? కాదు. రాజస్థాన్‌లో జైపూర్ అనే నగరం ఉంది. అక్కడి ఆసుపత్రిలో సేథీ అనే డాక్టరు ఉండేవారు. కాలు పోయినవాళ్లకు కొయ్యకాళ్లు ఇచ్చేవారు. అప్పటి కాళ్లు విదేశీ పద్ధతివి. వాటికి బూటు తొడగాలి. వాటితో గొంతుకు కూర్చోవడానికి వీల్లేదు. పొలంలో దిగడానికి వీల్లేదు. మన పల్లెల్లో అలాంటి కాలు ఏం చేసుకోవాలి? చాలామంది ఆ కాళ్లు మూలన పడేసి మళ్లీ కర్ర పట్టుకునేవారు.

అదే ఊళ్లో రామచంద్ర శర్మ అనే శిల్పి ఉండేవాడు. బడి చదువు కొద్దిగానే చదివాడు. ఆయన, డాక్టర్లు కలిసి 1960ల చివరలో రబ్బరుతో, కొయ్యతో ఒక పాదం తయారు చేశారు. అది వంగుతుంది. దానితో చెప్పు లేకుండా నడవవచ్చు. గట్టు ఎక్కవచ్చు, బురదలో దిగవచ్చు, నేల మీద కూర్చోవచ్చు. దాన్నే "జైపూర్ పాదం" అంటారు. నాట్యం చేసే సుధాచంద్రన్ ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, ఈ కాలుతోనే మళ్లీ గజ్జె కట్టింది. 1985లో వచ్చిన 'మయూరి' సినిమా ఆమె కథే. మీలో కొందరు చూసే ఉంటారు.

శిల్పికి తెలిసింది ఏమిటి? మన జనం ఎలా కూర్చుంటారో, ఎలా నడుస్తారో తెలిసింది. అది మీకూ తెలుసు. మీ ఇంట్లో ఉన్న మనిషికి చెయ్యి ఎంత దూరం అందుతుందో, ఏ పక్క బలం ఉందో మీకంటే బాగా ఎవరికి తెలుసు?

"నన్నొక్కసారి అడగండి"

మళ్లీ ఆ ఇంటికి వెళ్దాం. చదువు కేంద్రానికి వచ్చే ఒక చెల్లెలు వాళ్లింటికి వెళ్లింది.

"పెద్దమ్మా, అక్కను మళ్లీ కుట్టుకు పంపిద్దాం" అంది.

"ఎందుకులే అమ్మాయ్. ఒకసారి పోయి వచ్చిందిగా. నలుగురిలో నవ్వులపాలయింది."

కోడలు అందుకుంది. "పింఛను వస్తోంది. ఇంత తిండి పెడుతున్నాం. ఇంకా ఆమెను కష్టపెట్టడం దేనికి వదినా?"

"ఇప్పుడు కష్టపెట్టడం లేదా వదినా? పొద్దున లేస్తే గిన్నెలు తోమేది ఎవరు?"

కోడలికి కోపం వచ్చింది. తల్లి మధ్యలో ఏదో సర్దబోయింది. ఇంతలో మూల నుంచి మాట వినిపించింది.

"అందరూ నా గురించే మాట్లాడుతున్నారు. నన్నొక్కసారి అడగండి. నాకు కుట్టు ఇష్టమే. మిషనే నాకు అందలేదు."

ఇల్లంతా ఒక్క నిమిషం మాటల్లేవు.

అప్పుడు ఒక విషయం బయటపడింది. వీధిలో సగం మంది ఆడవాళ్ల జాకెట్లకు హుక్కులు, కాజాలు కుట్టేది ఆమే. చీరలకు ఫాల్ కుట్టేది ఆమే. ఎన్నో ఏళ్లుగా కుడుతోంది. ఎవరూ డబ్బులివ్వలేదు. ఆమె అడగలేదు. "ఊరికే కూర్చునే ఉంటుందిగా" అనుకున్నారు.

అదే వీధిలో ఒక ఇంట్లో అటక మీద పాత చేతి మిషను ఉంది. దించి, దుమ్ము దులిపి, నూనె వేశారు. పీట మీద పెట్టారు. మొదటి లంగా కుట్టేసరికి కుట్టు పాములా వంకరపోయింది. విప్పింది. మళ్లీ కుట్టింది. మళ్లీ విప్పింది. మనం 'అ' దిద్దినప్పుడు ఎన్నిసార్లు చెరిపామో గుర్తుందా?

పింఛను సంగతి కూడా చూద్దాం. తెలంగాణలో వికలాంగుల పింఛనును 2023లో నెలకు 4,016 రూపాయలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 రూపాయలు చేశారు. అది హక్కు. తీసుకోవలసిందే. కానీ పింఛను వచ్చిన రోజున ఇంట్లో అందరూ ఆమెను పలకరిస్తారు. మిగతా రోజుల్లో ఎవరు పలకరిస్తున్నారు? చేతిలో పని ఉన్న మనిషి గుమ్మంలోకి నలుగురు వస్తారు. "ఎప్పటికి ఇస్తావమ్మా?" అని అడుగుతారు. పేరు పెట్టి పిలుస్తారు.

అందరికీ ఒకటే పని సరిపోదు

కాళ్లు లేవనివాళ్ల సంగతి చెప్పుకున్నాం. మిగతావాళ్ల సంగతి?

కొందరు పిల్లలకు ఒళ్లు పెరుగుతుంది. బుద్ధి అంత వేగంగా పెరగదు. వాళ్లను ఊళ్లో "పిచ్చిది", "మొద్దు" అంటారు. అది పిచ్చి కాదు. దాన్ని ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు. వాళ్లు నేర్చుకోగలరు. కానీ నెమ్మదిగా నేర్చుకుంటారు. ఇలాంటివాళ్ల కోసం 1984లో సికింద్రాబాదులో ఒక జాతీయ సంస్థ పెట్టారు. మనోవికాస్ నగర్‌లో ఉంది. అక్కడివాళ్లు పని నేర్పే పద్ధతి మనం ఇంట్లో కూడా చెయ్యవచ్చు. పనిని చిన్న చిన్న ముక్కలు చెయ్యాలి. ఒక్కో ముక్క నేర్పాలి.

కాగితం కవర్లు చెయ్యడం చూడండి. కాగితం కొలతకు చించాలి. మధ్యకు మడవాలి. అంచుకు జిగురు రాయాలి. అతికించాలి. అడుగు భాగం మడిచి మళ్లీ అతికించాలి. ఆరబెట్టాలి. కట్ట కట్టాలి. మనకు ఇదంతా ఒక పని. ఆ పిల్లకు ఇవి ఏడు పనులు.

మనం మామూలుగా మొదటి పని నుంచి మొదలుపెడతాం. ఆ పిల్ల కాగితం వంకరగా చించుతుంది. మనం తిడతాం. పిల్ల ఏడుస్తుంది. అక్కడితో ఆగిపోతుంది. దీనికి బదులు చివర నుంచి మొదలుపెట్టి చూడండి. ఆరు పనులు మీరే చెయ్యండి. ఆఖరి పని, అంటే కట్ట కట్టడం, ఆమెతో చేయించండి. కట్ట పూర్తవుతుంది. "నేను చేశాను" అని ఆమె మొహం వెలుగుతుంది. అది బాగా వచ్చాక ఆరబెట్టడం కూడా ఆమెకే ఇవ్వండి. తర్వాత అతికించడం. ఇలా వెనక్కి రండి. రోజుల్లో రాదు. నెలలు పడుతుంది. కొందరికి ఏడూ రావు. నాలుగే వస్తాయి. మిగతా మూడు ఇంకొకరు చేస్తారు. ఏ కార్ఖానాలో అయినా ఒక వస్తువును ఒక్కరే చేస్తారా?

"దానికి లెక్క రాదు కదా, పది కవర్ల కట్ట ఎలా కడుతుంది?" అంటారు. ఒక అట్ట ముక్క తీసుకోండి. దాని మీద 10 గళ్లు గీయండి. గడికి ఒక కవరు పెట్టమనండి. గళ్లన్నీ నిండితే పది. లెక్క రాకపోయినా లెక్క తప్పదు.

చూపు లేనివాళ్లకు వేళ్లే కళ్లు. ఫ్రాన్సు దేశంలో 1809లో లూయీ బ్రెయిల్ అనే పిల్లవాడు పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. పిల్లవాడు మూడేళ్లప్పుడు తండ్రి ఆరెతో ఆడుకుంటుంటే అది కంట్లో గుచ్చుకుంది. తర్వాత రెండు కళ్లూ పోయాయి. ఆ పిల్లవాడే 15 ఏళ్లకు చుక్కల లిపి తయారు చేశాడు. ఆరు చుక్కలతో అక్షరాలన్నీ వస్తాయి. మందమైన కాగితం మీద చుక్కలు పొడుస్తారు. వేలితో తడిమి చదువుతారు. తెలుగు కూడా ఆ చుక్కల్లో రాయవచ్చు. మనం ఇంత వయసులో కళ్లతో అక్షరాలు నేర్చుకున్నాం. వాళ్లు వేళ్లతో నేర్చుకుంటారు.

ఇప్పుడు చదివి వినిపించే ఫోన్లు, కంప్యూటర్లు వచ్చాయి. తెర మీద ఉన్నదాన్ని బయటకు చదువుతాయి. తెలుగు కూడా చదువుతాయి. కంప్యూటరు కోసం అలాంటి ఒక ఏర్పాటును ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు యువకులు 2006లో మొదలుపెట్టారు. డబ్బు తీసుకోకుండా అందరికీ ఇస్తున్నారు. దాని పేరు ఎన్‌విడిఎ. చదువుకున్న చూపులేని పిల్లలు దీంతో బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పని చేస్తున్నారు.

చెవులు వినపడనివాళ్లు చూసి నేర్చుకుంటారు. వాళ్లకు నేర్పేటప్పుడు వీపు చూపించి మాట్లాడకూడదు. ఎదురుగా నిలబడాలి. ముందు చేసి చూపించాలి. అల్లికలు, కుట్టు, ఫోటో పనులు, కంప్యూటరు పనులు, ఏవైనా వాళ్లు చేస్తారు. వాళ్ల సైగల భాష కూడా నిజమైన భాషే. పది సైగలు మనం నేర్చుకుంటే ఎంత సులువు!

కుష్టు నయమైనవాళ్ల సంగతి కూడా ఒకటి చెప్పాలి. కొందరి చేతుల్లో స్పర్శ ఉండదు. వేడి తెలియదు. కోసుకున్నా తెలియదు. వాళ్లను పొయ్యి దగ్గర, పదునైన కత్తుల దగ్గర పెట్టకూడదు. పిడికి మందంగా గుడ్డ చుట్టి ఇవ్వాలి. రోజూ సాయంత్రం చేతులు చూసుకోమని చెప్పాలి. కుష్టు మందుతో పూర్తిగా నయమవుతుంది. నయమైనవాళ్ల పక్కన కూర్చుంటే ఏమీ కాదు.

నేర్చుకున్నాక కొనేదెవరు?

ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. వికలాంగులు అనగానే చాలా చోట్ల అవే పనులు నేర్పుతారు. కొవ్వొత్తులు, చాక్‌పీసులు, అగరుబత్తులు, కుర్చీలకు వైరు అల్లడం. ఫోటో తీస్తారు. సర్టిఫికెట్టు ఇస్తారు. ఇంటికి వచ్చాక ఆ కొవ్వొత్తులు కొనేవాళ్లుండరు. కరెంటు పోతే ఇప్పుడు ఫోనే లైటు. బళ్లలో తెల్లబోర్డులు వస్తున్నాయి. చేసిన సరుకు మూలన పడి ఉంటుంది. తప్పు మళ్లీ ఆ మనిషి మీదకే వస్తుంది.

అందుకని నేర్చుకునే ముందే ఊరు తిరిగి చూడాలి. మన ఊళ్లో, పక్క ఊళ్లో జనం ఏం కొంటున్నారు? దేని కోసం టౌనుకు పోతున్నారు? జాకెట్టు కుట్టడానికి పది రోజులు ఆగుతున్నారా? అయితే కుట్టుకు గిరాకీ ఉంది. ఫోను బాగు చేయించడానికి 20 కిలోమీటర్లు పోతున్నారా? అయితే అది నేర్చుకోవచ్చు. కూర్చుని చేసే పని అది. పెళ్లిళ్లకు విస్తళ్లు కొంటున్నారా? పిండి మర, జిరాక్సు కొట్టు, పెరటి కోళ్లు, పాడి, ఇవన్నీ పనులే. వికలాంగులకు వేరే పనులని ఉండవు.

ఒక లెక్క చేద్దాం. పలక తీసుకోండి. ఒక చీరకు ఫాల్ కుట్టి, పక్క అంచులు కుడితే 80 రూపాయలు ఇస్తారనుకుందాం. ఫాల్ గుడ్డకు, దారానికి 35 రూపాయలు పోయింది. మిగిలింది ఎంత? రోజుకు 3 చీరలు కుడితే? నెలలో 20 రోజులు పని ఉంటే? మీ ఊరి ధరలు వేరుగా ఉంటే ఆ ధరలు వేసి మళ్లీ చెయ్యండి.

ఆ డబ్బు ఎవరి దగ్గర ఉండాలి? ఆ ఇంట్లో ఈ గొడవ వచ్చింది. మొదటి నెల డబ్బులు కోడలు అడిగింది. పిల్లల ఫీజులున్నాయంది. ఫీజులూ నిజమే. ఆమె సగం ఇచ్చింది. సగం తన పేరున బ్యాంకులో వేసుకుంది. కోడలు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తన జాకెట్టు తెచ్చి, "చంకల్లో బిగువుగా ఉంది, చూడు" అంది.

చట్టంలో ఏముంది?

వికలాంగుల కోసం 1995లో ఒక చట్టం వచ్చింది. అందులో 7 రకాల వైకల్యాలు రాశారు. 2016లో దాని బదులు కొత్త చట్టం వచ్చింది. అందులో 21 రకాలు రాశారు. యాసిడ్ దాడిలో దెబ్బతిన్నవాళ్లు, మరుగుజ్జులు కూడా ఇందులో ఉన్నారు. 2017 ఏప్రిల్ నుంచి ఈ చట్టం అమలులోకి వచ్చింది.

ఇందులో మనకు కావలసినవి కొన్ని చూద్దాం. అందరికీ నేర్పే వృత్తి శిక్షణల్లో వికలాంగులను కూడా చేర్చుకోవాలి. స్వయం ఉపాధికి తక్కువ వడ్డీకి అప్పులు ఇప్పించాలి. వాళ్లు చేసిన వస్తువులు అమ్ముకోవడానికి సాయం చెయ్యాలి. పేదరికం తగ్గించే పథకాల్లో నూటికి 5 వాళ్లకు కేటాయించాలి. అందులోనూ ఆడవాళ్లకు ముందు ఇవ్వాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో నూటికి 4 కేటాయించాలి. ఈ కేటాయింపులకు వైకల్యం నూటికి 40 పాళ్లు, ఆ పైన ఉండాలి.

ఇంకో మాట ఉంది. దాన్ని రెండుసార్లు చదవండి. "తగిన సదుపాయం". అంటే, మనిషికి తగ్గట్టు చేసే చిన్న మార్పు. మితిమీరిన భారం కానంతవరకు ఆ మార్పు చెయ్యాలి. చెయ్యననడం వివక్ష అని ఈ చట్టం చెబుతోంది. చేతి మిషను తగిన సదుపాయమే. మెట్ల పక్కన ఏటవాలు దారి తగిన సదుపాయమే. క్లాసును మేడ మీద నుంచి కింది గదికి మార్చడమూ అంతే.

నలుగురిలో కావాలని అవమానించి కించపరిస్తే శిక్ష కూడా ఉంది. 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా. "కుంటిపిల్ల" అని పిలిచేవాళ్లకు ఈ పేరా చదివి వినిపించండి.

వీటన్నిటికీ ముందు ఒక కాగితం కావాలి. వైకల్యం ఉందని డాక్టర్లు ఇచ్చే సర్టిఫికెట్టు. మన ఊళ్లలో "సదరం సర్టిఫికెట్టు" అంటారు. దేశమంతా చెల్లే "యుడిఐడి" కార్డు కూడా ఇప్పుడు ఇస్తున్నారు. వెళ్లేటప్పుడు ఆధార్ కార్డు, ఫోటో తీసుకెళ్లండి. చేతికి వచ్చాక పేరు, పుట్టిన తేదీ, శాతం సరిగా ఉన్నాయో లేదో అక్కడే చదువుకోండి. ఒక్క అక్షరం తప్పు పడినా తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు కదా!

హైదరాబాదులో వికలాంగుల వృత్తి పునరావాస కేంద్రం ఉంది. కేంద్ర ప్రభుత్వానిది. ఇప్పుడు దాని పేరు మార్చి జాతీయ ఉపాధి సేవా కేంద్రం అంటున్నారు. అక్కడ మనిషికి ఏ పని సరిపోతుందో పరీక్షించి చెబుతారు. ప్రయాణం గురించి భయపడకండి. తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. టిక్కెట్టు లేదు సరే, బస్సు మెట్టు ఎక్కించడానికి ఒక తోడు మాత్రం కావాలి. ఆ ఎత్తు మెట్లు ఎప్పటికి తగ్గుతాయో!

బుద్ధి ఎదగని పిల్లల తల్లులకు ఒక మాట. "నేను పోయాక ఎవరు?" అనే దిగులుకు చట్టంలో కొంత దారి ఉంది. 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. పిల్లకు 18 ఏళ్లు దాటాక, ఆమె మంచిచెడ్డలు చూసే సంరక్షకులను చట్టప్రకారం నియమించవచ్చు. కలెక్టరు గారు ఉండే జిల్లా కమిటీ ఈ పని చేస్తుంది. తల్లిదండ్రులు బతికి ఉండగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అర్జీ రాద్దాం

ఆ ఇంట్లో ఆమెకు ఇప్పుడు లంగాలు, ఫాల్స్ వచ్చాయి. జాకెట్టు కటింగ్ ఇంకా రాదు. మండల కేంద్రంలో మళ్లీ శిక్షణ పెడుతున్నారు. చదువు కేంద్రంలో అందరూ కూర్చుని అర్జీ రాశారు. ఆమె చెప్పింది, వాళ్లు రాశారు. ఆఖరి రెండు వాక్యాలు ఆమే రాసింది. పైకి చదవండి.

"మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారికి,

నమస్కారం. నా రెండు కాళ్లకూ పోలియో ఉంది. సర్టిఫికెట్టు కాపీ జతపరిచాను. మీరు పెట్టే కుట్టు శిక్షణలో నన్ను చేర్చుకోవాలని కోరుతున్నాను. నాకు ఒక చేతి మిషను, ఒక పీట కావాలి. మిషను లేకపోతే నాది నేను తెచ్చుకుంటాను. క్లాసు కింది గదిలో పెట్టాలి. మరుగుదొడ్డి మెట్ల పక్కన ఏటవాలు దారి కట్టించాలి. ఇవి 2016 చట్టం ప్రకారం తగిన సదుపాయాలు.

పోయినసారి నేను పది రోజులు వచ్చి మానేశాను. కుట్టు రాక మానలేదు."

కింద సంతకం చేసింది. వేలిముద్ర కాదు.

మీరూ ఇలాంటి అర్జీ రాయండి. పైన తేదీ, మీ ఊరి పేరు వెయ్యండి. రెండు కాపీలు రాయండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి. రెండో దాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని, తేదీ రాయించుకుని, ఇంట్లో దాచుకోండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే ఆ కాపీ పట్టుకుని మళ్లీ వెళ్లండి. ఒక్కరే వెళ్లకండి.